పూలకట్ట ముందు వంపు

చింతామణి ఊరి పాత అంగళ్ళ వీధిలో సులోచనమ్మ ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. వాకిలి కడిగి, ముగ్గేసి, ఏడింటికల్లా రాతికట్ట మీద కూర్చుని మల్లెలు కట్టడం. ముప్పై ఏళ్ళుగా ఆ కట్టే ఆమె పూలంగడి. పాడుబడిన ఆ వీధిని నగరసభ, అంటే ఊరి మున్సిపాలిటీ, ఒక బెంగళూరు కంపెనీ కలిసి బాగుచేయబోతున్నాయి. నిన్న సాయంత్రమే నగరసభ ఇంజనీరు మునినారాయణ కొత్త కాలువ కోసం వీధి పొడవునా సున్నపు గీత గీయించాడు. సులోచనమ్మ బతిమాలగా బతిమాలగా ఆ గీత కట్టకు జానెడు దూరంగా జరిగింది.

ఆమె వాకిలి కడిగాక భర్త వెంకటాచలపతి బయటికొచ్చి చూశాడు.

"ఏమే, గీత యాడ?"

సులోచనమ్మ చేతిలో ఖాళీ బిందె ఉంది. "అలవాటులో కడిగేసినాను."

"ఎనిమిదికి జేసీబీ వస్తాది. గీత లేకుంటే వాడు నేరుగా నీ కట్టనే తవ్వుతాడు."

"ముగ్గు డబ్బా ఇట్లియ్యండి. నలభై ఏండ్లుగా ముగ్గులేస్తాండాను, ఒక గీత రాదా నాకు?"

గీత వచ్చింది. నేరుగా మాత్రం రాలేదు. కట్ట దగ్గరికి వచ్చేసరికి భయానికి చేయి వీధివైపు తిరిగి పెద్ద వంపు పడింది. వంపు బోసిగా ఉందని అటూ ఇటూ తామర రేకులు కూడా పడ్డాయి.

పక్క బట్టలంగడి వరమహాలక్ష్మి అది చూసింది. "ఏమక్కా, మీకు మాత్రం వంపు పెట్టినారే. మేమేం పాపం చేసినాము?"

కడిగేశానని చెప్పడానికి సులోచనమ్మకు నోరు రాలేదు. "కొత్త ప్లానంట," అంది.

"అట్లయితే మాకూ కావాల."

ఏడున్నరకు ఆ వరుసలో ప్రతి అంగడి ముందూ పాత గీత చెరిగి ఒక వంపు తేలింది. సైకిల్ షాపు ఆంజనప్ప వాకిట్లో రెండు. ఆయనకు ఇద్దరు కోడళ్ళు.

తెల్ల గీత వెంబడి తవ్వమన్నారు కాబట్టి జేసీబీ డ్రైవరు అలాగే తవ్వాడు. పదింటికి మునినారాయణ, కంపెనీ ఆఫీసరు గార్గి వచ్చేసరికి సగం వీధి అలలు అలలుగా ఉంది. సులోచనమ్మ కట్టను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఈ వంపులు మీ కంపెనీ డిజైనే కదమ్మా?" అన్నాడు మునినారాయణ మెల్లగా.

గార్గి చేతిలోని ప్లాను మడిచేసింది. "నగరసభ చెప్పకుండా మేమేం చేస్తాం సార్?"

"అంతే అంతే. బాగుండాది."

"చాలా బాగుంది సార్."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. సులోచనమ్మ ఊపిరి వదిలి, గార్గికి ఒక మూర మల్లెలు ఊరికే ఇచ్చింది.

మూడు నెలలకు కాలువ మీద బండలు పడ్డాయి, వంపు వంపుకూ ఒక బెంచీ వచ్చింది, కూర్చున్నవాళ్ళు పూలూ కొన్నారు. బాగేపల్లి నుంచి చూడడానికి వచ్చినవాళ్ళు ఈ ఆలోచన ఎవరిదని అడిగితే నగరసభ తనదంది, కంపెనీ తనదంది. సులోచనమ్మను ఎవరూ అడగలేదు. ఆమె అడగనివ్వలేదు.