ఉపాయం గారి యంత్రంలో మనిషి

ఉపాయం గారు ఆ యంత్రాన్ని కొన్నది కట్టెలు కొట్టడానికి కాదు, కొట్టకుండా ఉండడానికి.

ఆయన అసలు పేరు చెప్పమంటే భార్య కూడా ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఏ పని చెప్పినా "దానికో ఉపాయం ఉంది" అంటూ కుర్చీలో వెనక్కి వాలే మనిషి కాబట్టి వీధి వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. ఆయన ఉపాయం ఆలోచించే లోపల ఆ పని రెండుసార్లు చేసెయ్యొచ్చని ఆవిడ అభిప్రాయం.

వాళ్ళది చలి చోటు. పొగమంచు ఒకసారి దిగిందంటే వారాల తరబడి కదలదు. ఇల్లు వెచ్చగా ఉండాలంటే ముందు గదిలో ఇనప పొయ్యి మండుతూనే ఉండాలి. పొయ్యి మండాలంటే కట్టెలు కావాలి. కట్టెలు కావాలంటే ఎవరో ఒకరు గొడ్డలి పట్టాలి. సరిగ్గా అక్కడే ఉపాయం గారికి నడుం పట్టేది.

ఆ ఏడు చలి మొదలవగానే, కట్టెల వ్యాపారి ఒకాయన పోయాడని, ఆయన సామాను అమ్ముతున్నారని విని వెళ్ళి, దుంగలు చీల్చే యంత్రం ఒకటి తన ట్రాక్టరు వెనక తగిలించుకుని తెచ్చారు. పొడవాటి ఇనప దూలం. ఒక చివర నిలువుగా ఉక్కు కత్తి. రెండో చివర నుంచి నూనె ఒత్తిడితో ముందుకు జరిగే దిమ్మ. మధ్యలో దుంగ పెడితే చాలు, దిమ్మ దాన్ని కత్తి మీదికి తోసి రెండుగా విప్పుతుంది. అప్పగించేటప్పుడు వ్యాపారి భార్య పొగమంచులో నిలబడి ఒక్క మాటే అంది. "చేతులు జాగ్రత్త బాబూ."

ఇల్లు చేరేలోగా ఉపాయం గారు ఆ చేతులకు కాళ్ళు కూడా తగిలించారు.

కారణం బావగారు. ఉపాయం గారి భార్యకు అన్న. వీధి చివర ఇల్లు. ఏ వస్తువు పట్టుకెళ్ళినా "ఇచ్చేస్తాగా" అంటాడు కనుక అందరికీ ఇచ్చేస్తాగా బావ. నిచ్చెన, రంపం, తోపుడు బండి అన్నీ ఆ మాట మీదే వెళ్ళాయి. మాట ఒక్కటే ఎప్పటికప్పుడు తిరిగొచ్చేది.

ఆ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని యంత్రం చుట్టూ తిరిగాడాయన. "బావా, బాగుంది. ఓ రెండ్రోజులు మా ఇంటికి పట్టుకెళ్తా."

"పట్టుకెళ్ళండి బావగారూ. కాకపోతే ఒక సంగతి," అని ఉపాయం గారు గొంతు తగ్గించారు. "దీని యజమాని దీని దగ్గరే పోయాడట. పోయినా పని మానలేదట. బయటివాళ్ళ చెయ్యి పడితే ఊరుకోడట. వాళ్ళావిడ ఏడుస్తూ చెప్పింది, చేతులు జాగ్రత్త అని."

ఇచ్చేస్తాగా బావ దూలం మీద ఆనించిన చేతిని మెల్లగా తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇంటి నుంచి ఆయన వట్టి చేతులతో వెళ్ళడం అదే మొదలు.

"మరి మీ చెయ్యి ఎలా ఒప్పుకున్నాడండీ?" అంది ఉపాయం గారి భార్య.

"నేను మర్యాదగా అడిగాను."

"నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు మర్యాదగా," అంటూ ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉపాయం గారు యంత్రం దగ్గర నిలబడ్డారు. చుట్టూ తెల్లగా పొగమంచు. పక్కింటి గోడ కూడా కనబడడం లేదు. ఒక దుంగ పెట్టి, కుడి చేత్తో పిడి నొక్కి, ఎడమ చెయ్యి వెచ్చగా జేబులో పెట్టుకున్నారు. దిమ్మ కదలలేదు. ఇంజను తిరుగుతోంది, దిమ్మ కదలదు. విసుగొచ్చి రెండు చేతులతో అక్కడున్న పిడులు రెండూ పట్టుకుని ఊపారు. దిమ్మ జరిగింది. హమ్మయ్య అనుకుని టీ కోసం ఒక చెయ్యి తీశారు. ఆగిపోయింది.

అబద్ధమాడిన మనిషికి అదే అబద్ధం ఎదురుగా వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో ఆయనకప్పుడు తెలిసింది. తన చేతుల వైపే ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. దానికి తోడు పచ్చి దుంగ చీలేటప్పుడు చేసే శబ్దం. ముందు సన్నగా మూలుగు, తర్వాత పెద్ద నిట్టూర్పు, ఆఖరికి రెండు ముక్కలూ చెరో పక్కకి ఒరిగి ఊరుకోవడం. మంచం మీది మనిషి పోయినట్టే ఉంటుంది. నాలుగో దుంగకే ఆయనకు నడుం పట్టింది.

భోజనం చేసి పడుకున్నారు. ఆయన గురక ముందు ట్రాక్టరు మోత పసిపిల్ల ఏడుపు. లేచి పెరట్లోకి వెళ్ళారు.

దుంగలు సగం చీలి ఉన్నాయి. చీలడమే కాదు, గోడ వారన పేర్చి ఉన్నాయి. చివరలన్నీ గీత గీసినట్టు సమంగా, ప్రతి ముక్కా బెరడు పైకి. ఉపాయం గారు పుట్టాక కట్టెలు విసిరేశారే గాని పేర్చలేదు. ఇంజను మీద చెయ్యి పెట్టారు. వేడిగా ఉంది.

వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. "ఇన్ని ఎప్పుడు చీల్చారండీ? మీ గురించి ఏదో అనుకున్నాను. ఇన్నాళ్ళూ పొరపాటు పడ్డాను."

పెళ్ళయ్యాక ఆవిడ నోట పొరపాటన్న మాట వినడం ఆయనకదే ప్రథమం. నిజం చెప్పడానికి నోరు తెరిచారు. నోరు వినలేదు. "ఏదో, చేతనైనంత," అన్నారు.

"నడుం?"

"ఉంది. ఓర్చుకున్నాను."

ఆ తర్వాత అదే వరస. ఆయన పడుకోవడం, దుంగలు చీలి ఉండడం, ఆవిడ మెచ్చుకోవడం. మెప్పు తీయగా ఉండేది, అన్నం మాత్రం సయించేది కాదు. పెరటి వైపు వెళ్ళాల్సొస్తే దగ్గి వెళ్ళేవారు. ఎవరికి హెచ్చరికో ఆయనకే తెలియదు. భార్యకు చెబుదామంటే కట్టెలు చీల్చింది తను కాదని ఒప్పుకోవాలి. దయ్యానికీ భార్యకూ మధ్య ఎవరికి ఎక్కువ భయపడాలో తేల్చుకోలేక ఆయన బరువు తగ్గారు.

చివరకొక మధ్యాహ్నం నిద్ర నటించారు. దొంగ గురక పెడుతూ కిటికీ వార నుంచి చూశారు. ట్రాక్టరు మోత మొదలైంది. పొగమంచులో, యంత్రం పక్కన ఒక మనిషి. మోకాళ్ళ కింది దాకా పాత కోటు, చెవుల మీదికి దిగిన టోపీ. రెండు చేతులూ పిడుల మీద. అటూ ఇటూ చూడడం లేదు. దుంగ మూలిగింది, విచ్చుకుంది. ఆ మనిషి వంగి ఇంకోటి ఎత్తాడు. ఎత్తి, ఏదో విన్నట్టు ఆగి, కిటికీ వైపు తల తిప్పాడు. టోపీకీ కోటుకీ మధ్య మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఉపాయం గారు భార్యను పిలిచారు. వంటింట్లో ఆవిడ లేదు. అంతే, కప్పుకున్న దుప్పటితోనే వీధి తలుపు తీసి, చెప్పుల్లేకుండా, వీధి చివర దాకా పరుగెత్తారు. దార్లో ఆయన్ని చూసినవాళ్ళు ఆ రోజు దయ్యాన్ని చూశామనే చెప్పుకున్నారు.

"బావగారూ, మీరు అడిగారు కదా. ఆ యంత్రం పట్టుకెళ్ళిపోండి."

"అందులో ఆయనున్నాడన్నావు?"

"ఆయన్ని కూడా పట్టుకెళ్ళండి. తిరిగి ఇవ్వక్కర్లేదు."

తిరిగి ఇవ్వక్కర్లేదన్న మాట వినగానే ఇచ్చేస్తాగా బావకు ధైర్యమొచ్చింది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ పెరట్లోకి వచ్చారు. ట్రాక్టరు ఆగి ఉంది. ఆవిడ దుంగ మీద కూర్చుని, మొహానికి చుట్టుకున్న బూడిద రంగు మఫ్లరు విప్పుకుంటోంది. ఒంటి మీద ఉపాయం గారి తండ్రి వాడిన కోటు.

"నువ్వా?" అన్నారు ఉపాయం గారు.

"దయ్యం కోసం చూస్తూ కూర్చుంటే ఇల్లు గడ్డకడుతుంది కదండీ. దానికి రెండు పిడులు. రెండూ పట్టుకుంటేనే కదులుతుంది, చెయ్యి నలగకుండా అలా పెట్టారు. మీరు జేబులోంచి చెయ్యి తియ్యరు, అదేమో కదలదు."

ఉపాయం గారు దుప్పటి సర్దుకున్నారు. అంత చలిలోనూ చెవులు వేడెక్కాయి. వారం రోజులుగా మోసిన మెప్పంతా ఆవిడ మొహం చూడగానే జారిపోయింది. "మరి నన్ను మెచ్చుకున్నావు?"

"ఎంతవరకు తీసుకుంటారో చూద్దామని."

ఇచ్చేస్తాగా బావ గట్టిగా నవ్వాడు. దయ్యం లేదని తేలాక యంత్రం ఆయన కంటికి మరీ అందంగా కనబడింది. "సరే చెల్లాయ్, ట్రాక్టరుతో సహా తోలుకెళ్తా. ఇచ్చేస్తాగా." అప్పుడే సీటెక్కబోతున్నాడు.

"తీసుకెళ్ళన్నయ్యా. మంచి యంత్రం," అంది ఆవిడ. తర్వాత మొగుడి వైపు తిరిగి మామూలుగానే అడిగింది. "అది సరే గాని, చీల్చినవి గోడ వారన అంత ముచ్చటగా పేర్చడం ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"పేర్చింది నువ్వు కాదూ?"

"నేను చీల్చి అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పేర్చింది మీరేననుకున్నా."

ముగ్గురూ గోడ వైపు తిరిగారు. గోడ వారన కట్టెలు బెరడు పైకి పెట్టుకుని, చివరలన్నీ ఒక్క గీత మీద, పొగమంచులోకి వెళ్ళిపోయేంత పొడుగున్నాయి.

ఇచ్చేస్తాగా బావ సీటు మీంచి కాలు దించాడు. "మా ఇంట్లో చోటు లేదులే బావా," అని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయాడు.

"మీ అన్నయ్యని పంపించడానికే కదా అలా అన్నావు?" అన్నారు ఉపాయం గారు.

"ఎలా అన్నాను?"

ఆవిడ నవ్వితే బాగుండేది. నవ్వలేదు.

ఆనాటి నుంచి ఉపాయం గారు రెండు చేతులూ పెట్టి చీలుస్తున్నారు. చీల్చిన ముక్క నేల మీద పడీ పడకముందే తానే పేర్చేస్తున్నారు, ఇంకెవరికీ ఆ శ్రమ లేకుండా. నడుం ఊసే లేదు.

ఒక సాయంత్రం ఆవిడ రెండు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి ఆయనకిచ్చి, రెండోది యంత్రం పక్కనున్న దుంగ మీద పెట్టి లోపలికి నడిచింది.

"అది నీదా?"

"చల్లారిపోతుందండీ," అని మాత్రం అంది, తలుపు దగ్గర నుంచి.

ఉపాయం గారు తన టీ తాగారు. కాసేపు కట్టెలు పేర్చారు. ఆ గ్లాసు వైపు చూడకూడదనుకున్నారు, ఉండలేకపోయారు. ఎవరు తాగారన్న అనుమానం మిగలకుండా అదీ తానే తాగేద్దామని దగ్గరికి వెళ్ళి తీశారు.

సగమే ఉంది.

ఆవిడ సగమే పోసి తెచ్చి ఉంటుంది. అడుగుదామని తలుపు దాకా వెళ్ళారు. అడగకుండానే తిరిగి వచ్చి, గ్లాసు ఎక్కడిదక్కడ పెట్టి, ఇంకో ముక్క తీసి బెరడు పైకి వచ్చేలా పేర్చారు.