ఖాళీ చేయువారి నియమావళి

మడికొండలోని కాకతి వైభవ నివాస్‌లో అద్దెకుంటున్న వారందరికీ తెలియజేయునది ఏమనగా, మూడో అంతస్తులో ఒక ఫ్లాటుకు యజమాని అయిన ఓంప్రకాశ్ గారు జర్మనీలో మూడేళ్ళ ఉద్యోగం ముగించుకుని హనుమకొండలోని తన ఇంటికి క్షేమంగా చేరుకున్నారు. ఆయనతోపాటు రెండు సూట్‌కేసులు, ఒక కాఫీ మిషను, కొంత నాగరికత వచ్చాయి. సామానును విమానాశ్రయంలో తూచారు. నాగరికతను తూచే యంత్రం లేనందున అలాగే వదిలేశారు.

వచ్చిన పది రోజులూ ఆయన తన గోడు చెప్పుకున్నారు. అక్కడ ఇల్లు ఖాళీ చేస్తానని ఇంటి యజమానురాలికి ఈమెయిలు పెడితే చెల్లదన్నదట. కాగితం మీద రాసి, చేత్తో సంతకం పెట్టి పోస్టులో పంపాలట. పంపారు. మూడో తారీఖులోగా అందవలసిన ఉత్తరం నాలుగున అందింది. దాంతో మూడు నెలల నోటీసు కాస్తా నాలుగు నెలలైంది. ఆయన విమానం ఎక్కాక కూడా ఆ ఖాళీ ఇంట్లో ఆయన అద్దె ఒక్కతే ఇంకో నెల కాపురం చేయాల్సి వచ్చింది. అది చాలక, ఆయన భార్య స్నేహలత ముచ్చటపడి మామిడిపండు రంగు వేయించుకున్న గోడకు మళ్ళీ తెల్లరంగు ఖర్చు, వంటింట్లో మసాలా వాసన తొలగించే ఖర్చు, ఆరు మేకు గుంతలకు ఆరు విడివిడి ఖర్చులు.

“మేకు నాదే, సుత్తి నాదే, కొట్టిన చెయ్యి నాదే. గుంత మాత్రం గామెదంట,” అని వచ్చినవారందరికీ చెప్పేవారు.

బంధువులు చాయ్ తాగి మరీ విచారించారు. కాకతి వైభవ నివాస్ సంఘం అధ్యక్షుడు వెంకట్రాజం గారు, అక్కడే అయిదు ఫ్లాట్లున్న మనిషి, తెల్లోళ్ళకు చట్టాలున్నాయి గానీ దయ లేదని తేల్చేశారు.

పదకొండో రోజున తాహెరా బేగం ఫోన్ చేసింది. ఆమె ఓంప్రకాశ్ గారి ఫ్లాటులో మూడేళ్ళుగా అద్దెకుంటున్నది. ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే టీచరు. ఆమె భర్త జానీ మియా ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ ముప్ఫై ఏళ్ళ క్లచ్చు ఇప్పుడాయన ఎడమ మోకాలిలో ఉంది. అపార్ట్‌మెంటు లిఫ్టు ఆగిపోయి ఏడు నెలలైంది. ఆయన కిందికి దిగి దవాఖానకు వెళ్ళాలంటే గంట ముందు బయల్దేరాలి. కాశిబుగ్గలో కట్టమ్మ అనే ఆమె ఇంట్లో కింది వాటా దొరికింది, వచ్చే నెల ఖాళీ చేస్తాము, అడ్వాన్సు ఇప్పిస్తే అక్కడ కట్టుకుంటాము అని ఆమె చెప్పింది.

ఇదివరకటి ఓంప్రకాశ్ అయితే సరే అనేవాడు. ఇప్పుడాయన లోకం చూసినవాడు. ఫోన్లో ఖాళీ చేస్తామంటే చెల్లదన్నారు.

ఆ సాయంత్రమే ఆయన తన జర్మనీ అగ్రిమెంటు తొమ్మిది పేజీలనూ సెల్‌ఫోను చేత తెలుగులోకి మార్పించి, యూరోలున్న చోట రూపాయలు, యజమానురాలి పేరున్న చోట తన పేరు, ఊరున్న చోట మడికొండ పెట్టి, ‘ఖాళీ చేయువారి నియమావళి’ అని శీర్షిక తగిలించారు. మొదటి నాలుగు పేజీలు భక్తితో చదివారు. వాటిలో అద్దెకున్నవారు చేయవలసినవన్నీ ఉన్నాయి. మిగతా అయిదు పేజీల్లోనూ ఇంత మంచి సంగతులే ఉంటాయని నమ్మి చదవలేదు. సంతకం పెడితేనే అడ్వాన్సు అని కబురు చేశారు. అడ్వాన్సు ఆయన దగ్గర ఉంది కనుక తాహెరా బేగం సంతకం పెట్టింది. ఆయన కూడా పెట్టారు, పక్కన తారీఖు వేసి, జర్మనీ పద్ధతిలో.

స్నేహలత ఇదంతా చూసి, “ఆడ మీరు ఏడ్చిందే ఈడ ఆమెతోని ఏడిపిస్తరా?” అని అడిగింది.

“నేను ఏడ్వలే. నేర్చుకున్న,” అన్నారాయన.

తాహెరా బేగం నోటీసు చక్కటి దస్తూరితో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. మూడో తారీఖున పోస్ట్‌మ్యాన్ తలుపు కొట్టినప్పుడు ఓంప్రకాశ్ గారు ఇంట్లోనే ఉన్నారు. పద్ధతి మీద గౌరవంతో తలుపు తీయలేదు. నాలుగున తీశారు. ఒక నెల పెరిగింది.

తర్వాతి ఆదివారం తనిఖీకి వెళ్ళారు, టార్చిలైటు, టేపు, రాత పుస్తకంతో. పదకొండు మేకు గుంతలు దొరికాయి. అందులో ఏడు గృహప్రవేశం నాడు ఆయన స్వయంగా ఫొటోలకు కొట్టించినవి. గుంతకు జ్ఞాపకశక్తి ఉండదు కాబట్టి అన్నీ రాసుకున్నారు. భోజనం వేళ అయిందని జానీ మియా పట్టుబట్టి కూర్చోబెట్టాడు. ఖట్టీ దాల్, తలా హువా గోష్ రెండుసార్లు వడ్డించుకుని, ఇంత రుచి మూడేళ్ళలో ఎరగనని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. చేయి కడుక్కుని వచ్చి, ‘వంటింట్లో మసాలా వాసన’ అని రాసుకున్నారు. ఆ మాటకు సాక్ష్యం ఆయన వేళ్ళకే ఉంది.

ఇంతలో ఐటీ పార్కులోని ఒక కంపెనీ మేనేజరుకు ఆ ఫ్లాటు నచ్చింది. అద్దె ఒకటిన్నర రెట్లు ఇస్తాడు, కానీ పది రోజుల్లో కావాలి. ఓంప్రకాశ్ గారు వెంటనే తాహెరా బేగంకు ఫోన్ చేసి, దయతలచి నోటీసు గడువు మాఫీ చేస్తున్నానని, పది రోజుల్లో వెళ్ళిపోవచ్చని చెప్పారు.

కట్టమ్మ వాటా ఖాళీ కావడానికి ఇంకా ఇరవై రోజులుంది. తాహెరా బేగం తొందరపడకుండా, అయిదో పేజీ చూశారా అని అడిగింది. ఆయన చూడలేదు. ఆమె ఎర్ర ఇంకుతో గీతలు కొట్టుకుని మరీ చూసింది. యజమాని ఖాళీ చేయించాలన్నా మూడు నెలల ముందు కాగితం ఇవ్వాలి. ఆరో పేజీ ప్రకారం లిఫ్టు చెడిపోయినన్నాళ్ళు అద్దె తగ్గించాలి. ఏడో పేజీ ప్రకారం అడ్వాన్సును విడిగా బ్యాంకులో వేసి, వడ్డీతో తిరిగివ్వాలి.

“అది జర్మనీది మేడం. ఇది మడికొండ.”

“మడికొండదని మీరే రాసిన్రు సార్. కింద దస్కత్ కూడా మీదే. నాలుగు పేజీలు మాకు, అయిదు పేజీలు మీకు. నేను బడిల పిల్లలకు చెప్తా, పాఠం సగం సదివి పరీక్షకు రావద్దని.”

పరిస్థితి విషమించడంతో మేడ మీద యజమానుల అత్యవసర సమావేశం జరిగింది. ఆ ఉదయమే జర్మనీ యజమానురాలి దగ్గరి నుంచి ఓంప్రకాశ్ గారికి మిగిలిన డిపాజిట్టు, మూడేళ్ళ వడ్డీతో సహా, అణా పైసల లెక్కతో వచ్చి పడింది. ఆ సంగతి ఆయన సభకు చెప్పలేదు. సానుభూతికి పనికిరాని విషయాలు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

వెంకట్రాజం గారు అధ్యక్షోపన్యాసం చేశారు.

“సోదర యజమానులారా, కిరాయిదారు మన అతిథి. అతిథికి మర్యాద చేస్తం గని హక్కులిస్తమా? మన తాతలు రేపు ఖాళీ జెయ్ అన్నరు, అవుతలోడు చేసిండు. గసుమంటి ప్రేమలుండె. కిరాయిదారు ఇచ్చేది నోటీసు, అది క్రమశిక్షణ. యజమాని ఇచ్చేది సమాచారం. సమాచారానికి గడువేంది?”

చప్పట్లు మోగాయి. మొదటి నాలుగు పేజీలు ఆధునికమనీ, చివరి అయిదు మన సంస్కృతికి విరుద్ధమనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. లిఫ్టు బాగుచేసే అంశం సమయాభావం వల్ల వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

తాహెరా బేగం కోర్టుకు పోవచ్చు. కానీ కోర్టుకు కూడా మూడంతస్తులు దిగే పోవాలి. జానీ మియా ఆమెతో, కాగితం గెలిచిందాకా మోకాలు ఆగదన్నాడు. కట్టమ్మను బతిమాలి, వాటా ఖాళీ అయ్యేదాకా వాళ్ళ మగ్గం గది ఇప్పించుకున్నారు. అడ్వాన్సులో సగం గుంతలకూ వాసనకూ పోయింది.

వెళ్ళేరోజు ఓంప్రకాశ్ గారు తాళాలు తీసుకోవడానికి వచ్చారు. జానీ మియా గోడకు అరచేయి ఆనించి ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. రెండో అంతస్తు దగ్గర ఆగి, “బేటా, జర చెయ్యి ఇస్తవా,” అన్నాడు. ఓంప్రకాశ్ గారు ఇచ్చారు. ఆ బరువును భుజం మీద మోస్తూ కింది దాకా దింపారు. ఆటో కూడా ఎక్కించారు. తిరిగి మెట్లెక్కుతూ చూస్తే, నెలల తరబడి పడ్డ అరచేతి ముద్రలు గోడ పొడవునా నల్లగా వరుసలో ఉన్నాయి. ఆయన అక్కడే ఆగారు. తర్వాత లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, అడ్వాన్సు అప్పటికే ఇచ్చేసినందుకు నిట్టూర్చారు.

మేనేజరు దిగే ముందు నియమావళి కాపీ తీయించడానికి ఆయన చౌరస్తాలో మొండయ్య జిరాక్స్ దుకాణానికి వెళ్ళారు. కాగితాలు చూడగానే మొండయ్య నవ్వాడు. వారం నుంచి ఇదే గిరాకీ అట. యజమానులా అని అడిగితే, కాదన్నాడు. కాకతి వైభవలో అద్దెకున్నవాళ్ళే. టీచరమ్మ దగ్గర కాపీ తీసుకుని, ఆమెను మెచ్చుకుంటూ, యజమానులను తిట్టుకుంటూ వచ్చారట. ఒకరికి రఘునాథపల్లిలో అద్దెకిచ్చిన రెండు దుకాణపు మడిగెలున్నాయి, ఒకరికి ఊళ్ళో పాతిల్లుంది, ఒకరు అద్దెకున్న గదిలోనే ఇంకొకరిని పెట్టుకున్నారు.

“అందరు నాలుగు పేజీలే తీస్కపోతాన్రు సార్. మీకెన్ని తియ్యాలె?”

దుకాణం పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచే ఉంటుంది. పాఠకులు వెళ్ళదలిస్తే నాలుగు పేజీలా, తొమ్మిదా అన్నది ముందే ఆలోచించుకుని వెళ్ళవలెను. మొండయ్య అడగడం మానేశాడు. ఓంప్రకాశ్ గారు పెద్దమనిషి గనుక అడిగాడు.