ముట్టుకోవద్దన్న డబ్బా

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను.

నాది నిఘంటువు ఆఫీసులో ఉద్యోగం. ఏ మాట ఎక్కడ పుట్టిందో ఆరా తీయడమే పని. లోకంలో మాటలన్నీ నా చేతిలో ఉన్నాయి గానీ, ఇంట్లో నా మాటొక్కటే చెల్లదు.

మా ఆవిడ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఆ మధ్య ఎండుద్రాక్ష డబ్బా ఒకటి పై అరలో పెట్టి, "ఇవి ఆర్డర్లకి. ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది. అప్పటిదాకా ఎండుద్రాక్షంటే నాకు గిట్టదు. ముట్టుకోవద్దనేసరికి చెయ్యి ఊరుకోలేదు. రోజూ ఆవిడ స్నానానికి వెళ్ళడం, నేను గుప్పెడు నోట్లో వేసుకోవడం.

మొన్న ఉన్నట్టుండి స్టూలు తెచ్చి అర కింద వేసింది.

"ఎందుకోయ్?"

"డాక్టరుగారి అమ్మాయికి పెద్ద కేకు. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి."

డబ్బాలో మిగిలింది అడుగే. చాటుకి వెళ్ళి కిరాణా కొట్టాయనకి ఫోన్ చేశాను. సరుకు వచ్చేదాకా ఈవిడని మాటల్లో పెడితే చాలు. మాటలకి నా దగ్గర కరువా?

"కిస్‌మిస్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా?"

"కొట్లోంచి," అంది స్టూలెక్కుతూ.

"కాదు, పారసీ నుంచి! ఇంగ్లీషు వాళ్ళ రైజిన్ ఫ్రెంచి నుంచి. ఫ్రెంచిలో దానికి అర్థం ఉత్త ద్రాక్షే. ఎండితే 'ఎండు' అని చేర్చుకుంటారు, అచ్చం మనలాగే! ఇక దాని ముత్తాత లాటిన్‌లో..."

ఆవిడ డబ్బా ఊపి చూసింది.

"మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత విందాం. ద్రాక్ష ఎక్కడికి పోయిందో చెప్పండి."

అప్పుడే గుమ్మంలోంచి కొట్టాయన కేక. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు.

"సార్! అమ్మగారికి తెలియకుండా తెమ్మన్న ఎండుద్రాక్ష తెచ్చాను!"

మూడో అంతస్తులో కూడా తలుపులు తెరుచుకున్నాయి.

మా ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. పాకెట్ అందుకుంది, విప్పింది, డబ్బాలో పోసి మళ్ళీ అదే అరలో పెట్టింది.

"మరి కేకుకి?"

"కేకువి బీరువాలో ఉన్నాయి, తాళం వేసి."

"మరి ఇవి?"

"మీకే. రక్తం తక్కువుంది, రోజూ తినమని చెప్పారు డాక్టరుగారు. ప్లేటులో పెట్టిస్తే 'నేనేమన్నా చంటిపిల్లాణ్ణా' అని తోసేశారు. అందుకే దాచాను. ఎంత తిన్నారో చూద్దామనే ఇవాళ స్టూలెక్కాను."

సిగ్గేసింది. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త మురిసిపోయాను కూడా.

నిన్న ఆ డబ్బా పక్కన ఇంకోటి వెలిసింది. దాన్నీ ముట్టుకోవద్దంది. ఈసారి నేను మోసపోతానా? మూత తీసి చూశానంతే. మెంతులు.

పరమ చేదండీ. సగం అయిపోయాయి.