చేతిరాత బాగున్న పిల్ల

సమానత్వాన్ని మించిన సుఖం లేదు. ఇరవై రెండేళ్లుగా కెఫ్ అనే ఈ కొండమీది ఊరి బళ్లో కెమిస్ట్రీ చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో చెబుతున్నాను, నమ్మండి.

నమ్మరని తెలుసు. ‘పైనుంచి మరో సర్క్యులర్ వచ్చిందిరా, చచ్చాం’ అనుకునే జాతి మనది. కానీ కిందటి సెప్టెంబరులో వచ్చినదానికి నేను ఫ్రేము కట్టిద్దామనుకున్నాను. ల్యాబులో ప్రతి బల్ల దగ్గరా ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు ఉండాలట. ఒక్కరు అటూ ఇటూ కాకూడదట.

అంతకుముందు ఎంత అన్యాయం జరిగేదో తెలుసా? ఆడపిల్లల బల్లలు వేరు, మగపిల్లల బల్లలు వేరు. పాపం, ఆడపిల్లలు బ్యూరెట్ గాజుగొట్టం వాళ్లే కడుక్కోవాలి, వాళ్లే నింపుకోవాలి, దాని అడుగున కుళాయి వాళ్లే తిప్పుకోవాలి, చివరికి పగలగొట్టుకోవడం కూడా వాళ్లే! చేయి సాయానికి ఒక్క మగపిల్లాడైనా ఉండేవాడా?

ఇప్పుడు చూడండి. మగపిల్లలు బ్యూరెట్ పట్టుకుంటారు, ఆడపిల్లలు రికార్డు పట్టుకుంటారు. చేతిలో ఏదీ లేనివాళ్లు ఒక్కరైనా ఉన్నారా? సమానత్వమంటే ఇంకేం కావాలి? రికార్డులు ముత్యాల్లాంటి అక్షరాలతో వస్తున్నాయి, దిద్దడానికి ప్రాణం హాయిగా ఉంది. బ్యూరెట్లు మునుపటికంటే ఎక్కువే పగులుతున్నాయనుకోండి. అయితేనేం, ఎన్ని పగిలాయో గుండ్రంగా రాసి ఉంటోంది.

ఇంకో సౌకర్యం ఉంది. మా బడిలో నీలం పైకోటు ఆడపిల్లలకే తప్పనిసరి. యాసిడ్ ఒలకబోసేది మగపిల్లలు. చొక్కాలకు చిల్లులు పడుతున్నాయని వాళ్ల తల్లులు నా మీద విరుచుకుపడ్డారు. కోటు తొడుక్కున్న పిల్లేమో ఆ మూల కూర్చుని రాసుకుంటోంది. ఇంత భద్రంగా రికార్డు రాసే పిల్లలు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా?

మా రబాబ్ సంగతే తీసుకోండి. టాక్సీ నడిపే ఆయన కూతురు, కిటికీ పక్క బల్ల. మే నెలలో ప్రాక్టికల్ పరీక్ష ఉంది. ఒక్కొక్కరూ ఒంటరిగా టైట్రేషన్ చేసి, అంటే బ్యూరెట్ కుళాయి తిప్పి ఫ్లాస్కులో రంగు మారేదాకా చుక్క చుక్కగా వదిలి, చూపించాలి. అది నెగ్గితేనే సైన్సులో సీటు. ఆ పిల్లకు ఆ సీటంటే ప్రాణం.

అక్టోబరులో నా దగ్గరికొచ్చింది. “సార్, ఈసారి కుళాయి నేను తిప్పనా?”

“నీ చేతిరాత బంగారం తల్లీ. మీ బల్ల దగ్గరి గైత్ రాస్తే కోడి కెలికినట్టుంటుంది. తిప్పడం వాడికి వదిలెయ్.”

“మరి పరీక్షలో ఎలా సార్?”

“పరీక్షకింకా బోలెడు టైముంది కదమ్మా.”

నవంబరులో అడిగింది, జనవరిలో అడిగింది. అడిగిన ప్రతిసారీ చేతిరాతను మెచ్చుకున్నాను. ఇంతకంటే ప్రోత్సహించే మాస్టారు ఏ ఊళ్లో దొరుకుతాడు?

మార్చిలో ఇన్‌స్పెక్టరు జుబైదా మేడమ్ వచ్చారు, సమానత్వం ఎలా నడుస్తోందో చూడ్డానికి. ఉన్నవాటిలోకెల్లా అందమైన రికార్డు, అంటే రబాబ్‌ది, గర్వంగా చేతికిచ్చాను. మేడమ్ కళ్లజోడు సవరించుకుని పైకే చదివారు.

“‘గైత్ కుళాయి తిప్పాడు. మరీ ఎక్కువ తిప్పాడు. సార్ ఫరవాలేదన్నారు. ఫ్లాస్కులో రంగు గులాబీకి మారిందని గైత్ చెప్పాడు. నాకు గైత్ భుజం అడ్డొచ్చింది. నేను చూసిన రంగు: గోధుమరంగు, దాని మీద నల్లగళ్లు.’”

దాని కింద ఎర్ర సిరాతో నా అక్షరాలు: ‘అద్భుతం. ఇరవైకి ఇరవై.’

క్లాసంతా ఘొల్లుమంది. గైత్ తన గళ్ల చొక్కా వైపు చూసుకున్నాడు.

“ఇది మీరు చదివారా మాస్టారూ?”

“అక్షరాలు చూశాను మేడమ్.”

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “ఇవాళ ఈ అమ్మాయి తిప్పుతుంది. మీరు కూర్చుని రాయండి” అన్నారు.

రబాబ్ కోటు చేతులు పైకి మడిచింది.

“చుక్క చుక్కగా తిప్పవే, గబుక్కున వదలకు” అన్నాడు గైత్, గబుక్కున వదలడంలో వాడికున్న అనుభవం కొద్దీ.

“తెలుసులే. ఆరు నెలల్నుంచి రాస్తున్నది ఎవరనుకున్నావ్?”

నేను ఆ పిల్ల స్టూలు మీద, ఆ పిల్ల కలంతో కూర్చున్నాను. ఎదురుగా నీలం కోటు తప్ప ఇంకేమీ లేదు. మెడ అటు చాచాను, ఇటు చాచాను. ఇరవై రెండేళ్లలో ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదలు.

“రంగు మారిందా అమ్మా?”

“మారింది సార్. రాసుకోండి.”

“చూడకుండా ఎలా రాయనే? కాస్త పక్కకు జరుగు తల్లీ, నాకేమీ కనబడటం లేదు.”

జరిగింది. ఫ్లాస్కులో లేత గులాబీ, ఉందా లేదా అన్నంత లేతగా. టైట్రేషన్ కుదిరితే అలాగే ఉండాలి. ఈ ఏడాది మా ల్యాబులో ఒక్కరికీ అలా కుదరలేదు.

నాకు సిగ్గేసింది. రంగు చూసి కాదు. మొదటిసారి అడగ్గానే ఆ పిల్ల జరిగింది, నా చేతిరాతను మెచ్చుకుని ఊరుకోలేదు.