రొట్టెల దారికి పట్టిన అదృష్టం

ఊరు మాయమైపోవడమంత సుఖం ఇంకొకటి లేదు. నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను!

మూడేళ్ళ కిందట, జనవరి ఒకటిన, మా కైస్లవారా మాయమైంది. తొమ్మిది వందల మందిమీ ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాం. పదకొండు సరస్సులూ ఉన్నాయి, చర్చి ఉంది, దోమలకైతే ఏ లోటూ రాలేదు. పోయిందల్లా ఊరే. డెబ్భై కిలోమీటర్ల అవతల ఉన్న మెర్కోలా పట్నంలో మమ్మల్ని కలిపేశారు.

లాభాలు చూడండి. ఆఫీసు అంత దూరం పోయాక, ఫిర్యాదు చేద్దామని బయల్దేరినవాడి కోపం సగం దారిలోనే చల్లారుతుంది. ఇది ఆరోగ్యానికి మంచిది కాదా? లైబ్రరీ మూసేసి పదిహేను రోజులకోసారి బస్సులో పుస్తకాలు పంపుతున్నారు. మంచు ఎక్కువై బస్సు రాకపోతే అదే పుస్తకాన్ని రెండోసారి చదువుతాం. ఇంత శ్రద్ధగా చదివే పాఠకులు ఇంకెక్కడున్నారు?

ఇక చిరునామా సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచినదాన్ని, నా మాట నమ్మండి. చిరునామా అనేది ఉత్త బరువు!

మా వీధి పేరు రొట్టెల దారి. నూట యాభై ఏళ్ళ కిందట, వరసగా పంటల్ని మంచు కాటేసిన కరువులో, తిండి లేనివాళ్ళ చేత బురదనేలలో రాళ్ళు మోయించి వేయించిన రోడ్డు అది. రోజంతా మోస్తే కూలి ఒక రొట్టె. అందులోనూ పిండి తక్కువ, పైన్ చెట్టు బెరడు పొడి ఎక్కువ. మోస్తూ మోస్తూ పడిపోయినవాళ్ళని ఆ పక్కనే పాతిపెట్టారు. మెర్కోలాలోనూ ఒక రొట్టెల దారి ఉంది. అక్కడ బేకరీ ఉంది కాబట్టి ఆ పేరు.

ఒక పట్నానికి రెండు రొట్టెల దారులెందుకు? కంప్యూటర్ ఒకటే ఉంచుకుంది. బేకరీది.

ఆ జూన్‌లో ఒక శనివారం సాయంత్రం మా పక్కింటి ఓయివా ఆవిరిస్నానం గదిలో పొయ్యి వెలిగించాడు. డెబ్భై ఆరేళ్ళవాడు, ఆ గదిని తన చేత్తో కట్టుకున్నాడు. పొగగొట్టం దగ్గర నిప్పంటుకుంది. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి రొట్టెల దారి అని చెప్పాను. "బయల్దేరింది" అన్నారు. ఎదురు చూశాం. ఫైరింజన్ రాలేదు, ఫోన్ వచ్చింది.

"కైస్లవారా వాళ్ళేనా? నా పేరు తైమి అండీ, మెర్కోలా రొట్టెల దారి నుంచి. మీ ఫైరింజన్ మా గుమ్మంలో ఉంది."

"అక్కడేం చేస్తోందమ్మా?"

"మంట కోసం వెతుకుతున్నారు పాపం. ఎంత చెప్పినా నమ్మరే! మీ నంబరు తీసుకుని కాఫీ ఇచ్చాను."

నడుముకు తువ్వాలుతో ఓయివా, చేతికందిన బకెట్లతో మేం పదకొండుమందిమి, సరస్సు దాకా వరస కట్టాం. సగం గది దక్కింది. ఫైరింజన్ పుణ్యమా అని ఇరుగుపొరుగు ఇంత దగ్గరైన రోజు అంతకు ముందు ఉందా? లేదు!

నెల తిరక్కుండా మెర్కోలా నుంచి వీధి పేర్ల అధికారి వెసా వచ్చి సభ పెట్టాడు. టై కట్టుకున్న మర్యాదస్తుడు. మా వీధికి బ్లూబెర్రీ బాట అని కొత్త పేరు తెచ్చాడు.

"ఆకలిచావులు గుర్తుకొచ్చే పేరు ఈ రోజుల్లో ఎందుకండీ? పండు పేరైతే వినడానికి తియ్యగా ఉంటుంది" అన్నాడు.

ఓయివా లేచాడు. ఆయన మాట్లాడగా ఊరు విన్నది తక్కువ.

"మా తాతమ్మ ఆ రోడ్డుకి రాళ్ళు మోసింది నాయనా. ఆమె చెల్లెలు ఆ రోడ్డు పక్కనే ఉంది. పండ్లు కోస్తూ పోలేదు."

వెసా తల దించుకున్నాడు. "నాకర్థమైందండీ. కానీ కంప్యూటర్‌కి చెప్పలేను కదా."

బోర్డు మార్చేశారు. చచ్చినవాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. ఎంత సౌకర్యమైన జనం!

ఇక ఈ వసంతంలో జరిగింది వినండి. మెర్కోలానే సముద్రతీరపు మహానగరంలో కలిపేస్తున్నారట. వెసా మళ్ళీ వచ్చాడు. ఈసారి టై లేదు, చేతిలో వినతిపత్రం ఉంది.

"మా ఊరికి నాలుగొందల ఏళ్ళ చరిత్ర ఉందండీ! మేముండే వీధి పేరు కూడా మారుస్తారట. మా నాన్న పుట్టిన వీధి అది. ఇదేం న్యాయం?"

ఓయివా కుర్చీ జరిపాడు. "కూర్చో బాబూ, కాఫీ తాగు. మాయమవడం మొదట్లో కాస్త చలిగా ఉంటుంది. తర్వాత అలవాటవుతుంది."

నాకు నవ్వొచ్చింది. వెసా కళ్ళు చూశాక ఆగిపోయింది. విలీనాలు వరమని ఇంతసేపూ మీకు నచ్చజెప్పిన నేనే మొదటి సంతకం పెట్టాను.

ఓయివా కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేశాడు. పక్కన చిరునామా రాయాలి. ఒక్కో అక్షరం ఒత్తి రాశాడు: రొట్టెల దారి, కైస్లవారా.

వెసా ఆ కాగితం తీసుకుని చదివాడు. దిద్దడానికి జేబులోంచి పెన్ను తీశాడు. తిరిగి జేబులో పెట్టేసుకున్నాడు.