రచయిత్రి తలుపు తట్టండి, పుణ్యం వస్తుంది!

కెనడాలో ఆడవాళ్ళు ఇంత బాగా ఎందుకు రాస్తారు? చలి వల్ల అంటారు కొందరు. ఏకాంతం వల్ల అంటారు ఇంకొందరు. దీని మీద లావుపాటి పరిశోధనలు చేసి డాక్టరేట్లు కొట్టేసినవాళ్ళు కూడా ఉన్నారు. అందరూ పొరబడ్డారు! అసలు కారణం నేను చెబుతాను.

అంతరాయం!

అవును, అంతరాయమే. ఒకావిడ పెన్సిల్ పట్టుకుని కూర్చుంటుంది. వాక్యం సగంలో ఉంటుంది. సరిగ్గా అప్పుడు తలుపు తట్టాలి. ఫోన్ చేయాలి. మేడ మీద నుంచి "నా మేజోళ్ళు ఎక్కడ?" అని కేకెయ్యాలి. కత్తికి సానరాయి ఎలాగో రచయిత్రికి అంతరాయం అలాగ. రాపిడి లేనిదే పదునెక్కడిది?

ఇంత ధీమాగా చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారా? విన్నిపెగ్ సరస్సు ఒడ్డున ఉన్న మా హెల్గా పాయింట్ ఊరి వారపత్రికలో ఇరవై ఆరేళ్ళుగా ఈ కాలమ్ రాస్తున్న లోర్న్ బ్యార్నసన్‌ని. అంతకు మించిన అర్హత ఇంకొకటుంది. నేను రచయిత్రి థోరా మొగుణ్ణి. ఆమెకు నేను పెట్టినన్ని అంతరాయాలు మానిటోబా రాష్ట్రం మొత్తంలో ఏ మగాడూ తన పెళ్ళానికి పెట్టి ఉండడు. గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు గాని, ఉన్నమాట చెప్పాలి కదా!

నాకు రాసుకోవడానికి మేడ మీద గది ఉంది. దానికి తలుపుంది, తలుపుకు గడియ ఉంది. కిటికీ తీస్తే సరస్సు. ఇన్ని సుఖాల మధ్య కూర్చుని ఇన్నేళ్ళలో నేను ఒక్క పుస్తకం కూడా పూర్తిచేయలేకపోయాను. థోరా మాత్రం వంటింటి బల్ల మీద, ఒక పక్క తరిగిన ఉల్లిపాయలు, మరో పక్క నేను విప్పి మళ్ళీ బిగించడం మరిచిపోయిన రేడియో పెట్టుకుని రెండు కథల పుస్తకాలు వేసింది. దీన్నిబట్టి ఏం తేలింది? గది సాహిత్యానికి శత్రువు! అందుకే ఆ శత్రువును ఆమె దాకా పోనివ్వకుండా నేనే మేడ మీద ఒంటరిగా ఎదుర్కొంటూ వచ్చాను.

ఈ సాహిత్యసేవ నేనొక్కణ్ణే చేశానంటే పాపం చుట్టుకుంటుంది. పక్కింటి స్టెయినా ప్రతిరోజూ ఉదయం పదింటికి వచ్చేది.

"థోరా, పనిలో ఉన్నావా?"

"రాస్తున్నాను స్టెయినా."

"హమ్మయ్య! పనిలో ఉన్నావేమోనని హడలిపోయాను," అంటూ కుర్చీ లాక్కునేది.

చర్చి వాళ్ళకు కేకుల అమ్మకం ఉందంటే కేకు డబ్బాల మీద చీటీలు రాయడానికి థోరా కావాలి. లైబ్రరీ సంఘం సమావేశమైతే ఎవరేమన్నారో రాసిపెట్టడానికి థోరా కావాలి. ఎందుకు? "నీకెలాగూ రాయడం అలవాటేగా!" అని. ఇంతకంటే గౌరవం ఏ దేశంలో దక్కుతుంది చెప్పండి?

రెండో పుస్తకం వచ్చినప్పుడు విన్నిపెగ్ నుంచి ఒక విలేకరి వచ్చాడు. రెండు గంటలు కూర్చున్నాడు. అందులో గంటా యాభై నిమిషాలు వీనార్‌తెర్తా గురించే అడిగాడు. ప్రూన్ పండ్ల ముద్ద పొరలు పొరలుగా పెట్టి మా అమ్మమ్మలు చేసే కేకు అది. ఆరు పొరలా, ఏడు పొరలా? పైన చక్కెర పూత ఉండాలా, అక్కర్లేదా? అప్పడాల కర్ర పట్టుకున్న థోరా ఫొటోతో అరపేజీ వ్యాసం వచ్చింది. పుస్తకం పేరు ఆఖరి వాక్యంలో, తప్పుగా అచ్చయింది. ఆ వ్యాసానికి పాఠకుల నుంచి నలభై ఉత్తరాలు! అన్నీ పొరల గురించే.

మరోసారి నగరంలో సాహిత్య సభ. అధ్యక్షుడు మైకు ముందుకొచ్చి, "ఇప్పుడు ప్రముఖ కాలమిస్టు లోర్న్ బ్యార్నసన్ గారి శ్రీమతి కథ చదువుతారు," అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను ముందు వరసలో లేచి నిలబడి నమస్కరించాను. ఎవరో ఒకరు లేవాలి కదా!

ఇలా సాహిత్యం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా, కిందటేడుకు ముందు ఏడు శరత్కాలంలో టొరంటో నుంచి ఒక సంపాదకురాలి ఉత్తరం వచ్చింది. థోరా పదకొండేళ్ళుగా ఒక నవల రాస్తోంది. మొదటి సగం ఆవిడకు చాలా నచ్చిందట. మిగతాది మార్చి నెలాఖరులోగా చేతికందితే అచ్చువేయిస్తుందట. వేసవిలో తాను ఆ ఉద్యోగం మానేస్తోందట, ఆ తరువాత వచ్చేవాళ్ళ సంగతి చెప్పలేనంది.

థోరా ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. గోడ మీది కాలెండరులో మార్చి పేజీ తిప్పి చూసింది.

"మార్చి కదా? బోలెడు టైముంది," అని ధైర్యం చెప్పాను. "ఇంతకీ ఈ పూట ఏం వండుతున్నావు?"

ఆమె ఉత్తరం మడిచి, ఉల్లిపాయలు తన వైపు లాక్కుంది.

జనవరి మొదట్లో, సరస్సు మీది మంచు, లారీలు నడిచేంత మందమెక్కాక, పొద్దున్నే కాఫీ తాగుతూ, "లోర్న్, నేను చేపలు పట్టడం మొదలుపెడతాను," అంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఏనాడూ గాలం ముట్టి ఎరుగదు! అయినా వాళ్ళ నాన్న పెద్ద జాలరి. ఆయన వాడిన చెక్క గుడిసె మా పెరట్లోనే పడి ఉంది. చలికాలంలో మంచు మీదికి లాక్కెళ్ళి, లోపల పొయ్యి వెలిగించుకుని, మంచుకు కన్నం వేసి గాలం వదిలే గుడిసె అది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజే వెళ్ళి ఆమెకు మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని బూట్లు కొనుక్కొచ్చాను. చేపల కొట్టు ఐనార్ మంచు మీద నడిచే తన స్నోమొబైల్ బండికి గుడిసెను కట్టి ఒడ్డు నుంచి అర మైలు లోపలికి లాగిపెట్టాడు.

మా ఊళ్ళో చేపలు పట్టే మనిషిని ఎవరూ కదిలించరు. ప్రార్థన చేసుకుంటున్న పాస్టరునైనా మధ్యలో పిలుస్తారు గాని, గాలం ముందు కూర్చున్నవాణ్ణి పిలవరు. థోరా పొద్దున వెళ్ళి పొద్దుగూకే వేళకు వచ్చేది. ఫోన్ వస్తే స్టెయినాయే ఎత్తి, "ష్! థోరా సరస్సు మీద ఉంది," అని గుసగుసగా చెప్పేది. చర్చి చీటీలు పాస్టరు గారే రాసుకున్నారు. మేజోళ్ళు ఎక్కడుంటాయో నాకు తెలిసొచ్చింది. అవి మేజోళ్ళ సొరుగులోనే ఉంటాయి!

రోజూ చక్కటి పికరెల్ చేపలు తెచ్చేది. తల, తోక తీసేసి, ముల్లు లేకుండా, శుభ్రంగా. కాఫీ హోటల్లో నేను రొమ్ము విరుచుకుని కూర్చునేవాణ్ణి.

"మీ ఆవిడ చెయ్యి మంచిదోయ్!" అనేవాళ్ళు.

"మా ఇంటి రక్తంలోనే ఉంది," అనేవాణ్ణి. జాలరి ఆమె తండ్రి గాని నా తండ్రి కాదనే సంగతి ఆ సంతోషంలో గుర్తురాలేదు.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు కాఫీ వడగట్టే కాగితాలు కనిపించలేదు. ఇల్లంతా గాలించాను. మైనస్ ఇరవై ఆరు డిగ్రీల చలిలో అర మైలు మంచు మీద నడిచి వెళ్ళి గుడిసె తలుపు తట్టాను.

లోపల వెచ్చగా ఉంది. పొయ్యి మండుతోంది. చిన్న బల్ల, డబ్బాలో పెన్సిళ్ళు, జానెడెత్తున కాగితాల దొంతర. థోరా వేళ్ళ కొనలు కత్తిరించిన ఉన్ని చేతితొడుగులు వేసుకుని రాస్తోంది. నేను కిందికి చూశాను. చెక్క నేల అంచు నుంచి అంచు దాకా మూసే ఉంది. దాని మీద మా పాత తివాచీ.

"కన్నం ఏదీ?"

"ముందు తలుపు వెయ్యి. కాగితాలు ఎగిరిపోతాయి."

"థోరా! చేపలు పట్టాలంటే మంచులో కన్నం ఉండాలి."

"ఉంటే చేపలొస్తాయి. వస్తే లాగాలి. నాకెక్కడ తీరుతుంది?"

"మరి మనం రోజూ తింటున్నవి?"

"ఐనార్ కొట్లోవి. గాలానికి తగిలిన చేప తలా తోకా తీయించుకుని పైకి వస్తుందా లోర్న్? నీకెప్పుడూ అనుమానం రాలేదూ?"

రాలేదు. వస్తే ఇన్నాళ్ళూ అంత రుచిగా తినగలిగేవాణ్ణా?

"నాకు ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాను. గొంతులో ఉక్రోషం నాకే వినబడింది.

థోరా పెన్సిల్ కింద పెట్టింది. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

"చెప్పానుగా. పదకొండేళ్ళు చెప్పాను. 'రాస్తున్నాను' అన్నప్పుడల్లా ఏదో ఒకటి వెతికిపెట్టమన్నావు. 'చేపలు పడతాను' అన్నాను, ఆ పూటే బూట్లు కొనుక్కొచ్చావు."

నేను వంగి తివాచీ అంచు సరిచేశాను.

"సరే, ఇంతకీ ఎందుకొచ్చావు?"

"ఊరికే. నడిస్తే ఒంటికి మంచిదని," అన్నాను. తలుపు చప్పుడు కాకుండా మూసి వచ్చేశాను. ఆ రోజు కాఫీ చేతిరుమాలుతో వడగట్టుకున్నాను.

ఒడ్డు మీద స్టెయినా ఎదురైంది. "ఏం, పడుతున్నాయా?"

"ఊపిరి ఆడనివ్వడం లేదు."

"అయితే నేనూ ఒకసారి వెళ్ళి చూసొస్తా."

"వద్దొద్దు! పెద్దదొకటి గాలం దగ్గరే తచ్చాడుతోంది. అడుగుల చప్పుడైతే పారిపోతుంది."

స్టెయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంటిదాకా మునివేళ్ళ మీద నడిచి వెళ్ళింది.

అంతా బాగానే ఉంది గాని, ఆ ఏడు ఎండ తొందరపడింది. మార్చి ఇరవయ్యో తేదీకే ఒడ్డు పక్కన నీళ్ళు మెరిశాయి. రెండు రోజుల్లో గుడిసెలన్నీ తీసేయాలని ఆజ్ఞ వచ్చింది. థోరాకు ఆఖరి అధ్యాయం మిగిలి ఉంది. ఇంటికి తెస్తే ఏమవుతుందో నాకు తెలుసు. గుమ్మంలో స్టెయినా ఉంటుంది. ఆ వెనకాల చర్చి, లైబ్రరీ, ఫోను. అందరికంటే ముందు నేనుంటాను.

గడువు రోజు మధ్యాహ్నం ఐనార్ దగ్గరికి పరుగెత్తాను.

"గుడిసె లాగాలి. ఆవిడ లోపలే ఉంటుంది."

"లోపలా? మతి పోయిందా నీకు?"

"మెల్లగా లాగు ఐనార్. వాక్యం తెగకుండా లాగు."

ఐనార్ నా మొహంలోకి చూశాడు. "ఆఖరి అధ్యాయమా?" అన్నాడు. వాడికి మొదటి నుంచీ తెలుసు! నేనొక్కణ్ణే వెధవని.

పొగగొట్టంలోంచి పొగ వస్తుండగానే గుడిసె సరస్సు మీద కదిలింది. నేను పక్కనే నడిచాను, గోడ మీద చెయ్యి ఆనించి. ఒక్కో గతుకు వచ్చినప్పుడల్లా లోపల పెన్సిల్ ఆగేది. నా గుండె కూడా ఆగేది. మళ్ళీ గరగర వినబడేది. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూసింది. ఒడ్డెక్కి, పెద్ద వీధి దాటి, గుడిసె మా పెరట్లోకి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

"అదేమిటీ, దిగదా?" అంది స్టెయినా.

"చేపలు శుభ్రం చేస్తోంది," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం థోరా బయటికి వచ్చింది. జుట్టులో బూడిద, బుగ్గ మీద పెన్సిల్ మరక. "అయిపోయింది," అంది. మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. నేను గుడ్లట్టు వేసి తెచ్చి పక్కన కూర్చున్నాను. అది మాడిందన్న మాట ఆమె అనలేదు.

నవల గడువులోగా చేరింది. మొన్నటి శరత్కాలంలో అచ్చయింది. టొరంటో పత్రికలు మెచ్చుకున్నాయి. మా లైబ్రరీలో ఆవిష్కరణ సభ పెడితే నిలబడటానికి చోటు లేదు. నన్ను ఎవరూ లేచి నిలబడమనలేదు. థోరా ఆ గుడిసె కథంతా దాచకుండా చెప్పేసింది. స్టెయినా కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. ఊరికి ఊరే సిగ్గుపడి, ఇక మీదట ఆమె రాత జోలికి ఎవరూ పోకూడదని తీర్మానించింది.

ఈ డిసెంబరులో గుడిసె మళ్ళీ మంచు మీదికి వెళ్ళింది. రెండో నవల. మొదటి వారంలోనే పదకొండు మంది తలుపు తట్టారు. స్టెయినా పాన్‌కేకులు పట్టుకుని అర మైలు నడిచి వెళ్ళింది.

"నువ్వు చేపలు పట్టడం లేదుగా, రాసుకోవడమేగా! అందుకే ధైర్యంగా వచ్చాను," అందట.

పాఠకులారా, నా సిద్ధాంతానికి నేను ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. అంతరాయం వరమే. కాని వరాలన్నీ ఒక్క మనిషికే కుమ్మరిస్తే మిగతా రచయితలు ఏమైపోవాలి? నా మేడ మీది గది గడియ ఊడదీసి పారేశాను. కేకు చీటీలు, సమావేశాల రాతలు, పొరల అనుమానాలు, ఏవైనా సరే, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా వచ్చి నా తలుపు తట్టండి. నాక్కూడా ఒక పుస్తకం రాయాలని ఉంది!

థోరా దగ్గరికి మాత్రం పోకండి. నిన్న నేనూ ఐనారూ వెళ్ళి, తివాచీ ఎత్తి, నేల చెక్క కోసి, ఆమె కుర్చీ పక్కనే మంచులో నిక్షేపంలాంటి కన్నం తొలిచి వచ్చాం. చేపలు పట్టే లైసెన్సు తలుపుకు అంటించాం. గాలం నీళ్ళలోకి వదిలాం. కాబట్టి మా ఆవిడ ఇప్పుడు న్యాయంగా, చట్టప్రకారం చేపలు పడుతోంది. అటు వెళ్ళేవాళ్ళు అడుగుల చప్పుడు కాకుండా నడవాలి.

ఆ గాలానికి ఎర గుచ్చలేదన్నది మనలో మన మాట. చేప వచ్చినా అంతరాయమే కదా!