వాచీల రామ్‌దాస్ పన్ను వాపసు

మన రాజ్యంల ఉన్నోణ్ని అనిపించుకోవాలంటే ఒక్క అబద్ధం చాలు. లేనోణ్ని అనిపించుకోవాలంటే మాత్రం మూడు ప్రతులల్ల దరఖాస్తు, గౌరవనీయులైన ఇద్దరు సాక్షులు కావాలె. ఈ రెండు పనులూ ఒక్క ఏడాదిలనే చేసినోణ్ని గనుక అధికారికంగ చెప్తున్న.

నేను బోధన్‌ల వాచీలు బాగుచేస్త. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ రోజుకు మూడుసార్లు ఊరందరికీ ఉట్టిగనే టైం చెప్పే చోట వాచీల దుకాణం పెట్టాలన్న ఆలోచన నాదే (ఎవరి సలహా తీసుకోలేదు). అరవై రూపాయలొచ్చిన నెల మంచి నెల.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిల వృత్తి పన్ను రాసుకునేటాయన దుకాణానికొచ్చి నెలకెంత వస్తదని అడిగిండు. సరిగ్గ అప్పుడే ఎడపల్లి దిక్కు చెరుకు తోటలున్న చెన్నకేశవరావు గారు నా స్టూలు మీద కూసొని ఉన్నరు. ఆయన ముంగట అరవై అననీకి నోరు రాలేదు.

"రెండు వందలకు తక్కువుండదు" అన్న.

ఇరవై నాలుగు రూపాయల పన్ను పడ్డది. కట్టిన. (కట్టిన అంటే, నా భార్య వసంతమ్మ పన్నెండు వేల బీడీలు చుట్టింది, నేను పోయి రసీదు తెచ్చిన.)

తర్వాత బిడ్డకు పెద్ద పరీక్ష ఫీజు వచ్చింది, పన్నెండు రూపాయలు. శనివారం సాయంత్రంలోపల కట్టకుంటే ఈ ఏడాది పరీక్షకు కూసోనియ్యరు. పైసలు పుట్టక తిప్పలు పడుతుంటే, లేనోళ్లకు పన్ను వాపసిస్తరని ఎవరో చెప్పిండ్రు. వెంటనే అంచనా వేసిన. ఇరవై నాలుగూ వస్తయి, ఫీజు పోను మిగిలినదాంట్ల వసంతమ్మకు చీర.

"ముందుగాల రానియ్యి" అన్నది వసంతమ్మ.

ఆఫీసుల ఇన్‌స్పెక్టర్ బాపురావు సారు రూలు చదివి వినిపించిండు. సొంత పని చేసుకుంట నెలకు వందలోపు ఆమ్దాని ఉన్నోళ్లకు, పిల్లకు ఆరు రూపాయల చొప్పున వాపసు.

"పిల్లలెందరు?"

"ఒక్కతే సార్."

సారు తన వెనక గోడకున్న కుటుంబ నియంత్రణ బొమ్మను ఒకసారి చూసి, "తొందరపడి ఆపినవు" అన్నడు. నా అంచనా ఆరుకు దిగింది. మిగిలిన ఆరుకు నా చేతి వాచీ అమ్ముదామనుకున్న (నడవదు).

ఇగ సాక్షులు. చెన్నకేశవరావు గారి దగ్గరికి పోయిన.

"భలేవారండీ రామ్‌దాసు గారూ. రెండొందలని నా ఎదురుగానే చెప్పారు కదా. ఇప్పుడు అబద్ధపు సాక్ష్యం ఎలా చెప్పమంటారు?" అన్నరు. ఆయన నిజాయితీ మీద నాకు మస్తు కోపమొచ్చింది.

శుక్రవారం పొద్దుగాల మా పక్కింటి ముత్తవ్వను తోల్కపోయిన.

"గీయన సంపాయించుడా సారూ? పొద్దంత కంటికి అద్దం పెట్టుకొని కూసుంటడు. వసంత బీడీలు చుట్టకుంటే ఆ ఇంట్ల పొయ్యి వెలుగది. బియ్యం గామెయే, బిడ్డ సదువు గామెదే, గీయన చాయ పైసలు సుత గామెయే."

బియ్యం కాడనే ఆపుదామనుకున్న. కాని నా పేదరికం ఇంత చక్కగ రుజువైతుంటే అడ్డం పడబుద్ధి కాలేదు. ఇద్దరి మందం చెప్పింది గనుక రెండో సాక్షి అవసరం లేదన్నడు సారు. సాయంత్రానికి ఆర్డరొచ్చింది.

'దరఖాస్తుదారుని పేదరికం నిస్సందేహముగా రుజువైనది. ఇంతటి పేదవాడు ఇరవై నాలుగు రూపాయలు చెల్లించియుండుట అసంభవము. చెల్లించినది భార్య. కావున వాపసు ఆమెకే చెందును. ఆమె స్వయముగా హాజరు కావలెను.'

శనివారం వసంతమ్మ ఒక్కతే ఆఫీసుకు పోయింది. అటు నుంచి అటే బడికి పోయి ఫీజు మొత్తం కట్టి, రసీదు తెచ్చి బిడ్డ చేతుల పెట్టింది. నాకు పానం నిమ్మళమైంది. ఆ తర్వాత లెక్క గుర్తొచ్చింది. ఒక్క బిడ్డకు ఆరే గద, పన్నెండెట్లిచ్చిండ్రు?

వాపసు కాయితం తీసుకొని చూసిన. 'పోషణలోనున్న పిల్లలు: ఇద్దరు' అని ఉన్నది. మొదటి పేరు మా బిడ్డది. రెండోది రామ్‌దాస్, వయసు నలభై రెండు.

"గిదేంది?" అన్న.

"ఇంట్ల నువ్వు సాకేటోళ్లు ఎందరమ్మా అని అడిగిండు సారు. ఇద్దరని చెప్పిన. తప్పా?" అన్నది వసంతమ్మ, బీడీల చాట ఒళ్లోకి తీసుకుంట.

కాయితం ఇంకోసారి చదివిన. వయసు సుత సరిగ్గనే రాసిండ్రు.